తుమ్ము రాని బండి

జగ్గయ్యపేటలో నేనేం ఉద్యోగం చేశానని ఎవరైనా అడిగితే మా ఇంట్లోవాళ్ళు "కార్ల సీటు కవర్లు కుట్టేది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అబద్ధమని అనను. ఆ షెడ్డులో నేను చేరింది కుట్టుమిషను మీదే. కానీ చేరిన కొన్నాళ్ళకే మిషను వెనక్కిపోయి నా ముక్కు ముందుకొచ్చింది. పని మానేసేదాకా నాకు అన్నం పెట్టింది ఆ ముక్కే. నవ్వుకోండి, పరవాలేదు. నేనూ బోలెడుసార్లు నవ్వుకున్నాను.

బండి డోరు మూసినప్పుడు డోరుకీ చట్రానికీ మధ్య మెత్తగా నలిగే నల్లటి రబ్బరు ఉంటుంది కదా, దాన్ని మేం బీడింగు అంటాం. దుమ్మునీ వాననీ చప్పుడునీ బయటే నిలబెట్టేది అదే. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఫోనులో వీడియోలు చూసి రబ్బరు వేసేస్తున్నారని విన్నాను. వెయ్యండి నాయనా, సంతోషం. ఒక్క సంగతి మాత్రం చెప్పనివ్వండి. రబ్బరుని లాగి వెయ్యకండి. లాగితే ఆ పూటకి అందంగా సరిపోతుంది, ఎండాకాలం వచ్చేసరికి ముడుచుకుని మూలల దగ్గర పళ్ళికిలిస్తుంది. సబ్బునీళ్ళు రాసి, బొటనవేలితో కొంచెం కొంచెంగా లోపలికి తోసుకుంటూ పోవాలి. అతుకు కింద గడప దగ్గర పడాలి. ఇదంతా నాకు మా భాయ్ నేర్పింది.

భాయ్ అంటే మా షెడ్డులో రబ్బరు పనికి పెద్ద. లారీలవాళ్ళ దగ్గర్నుంచి ఆటోలవాళ్ళ దాకా ఊరందరికీ భాయే. నన్ను చెల్లెమ్మా అని పిలిచేవారు. ఆయన చెయ్యి ఎంత మెత్తనో నోరు అంత గరుకు. పని సరిగ్గా రాకపోతే రబ్బరునీ, బండినీ, ఆ బండి తయారుచేసినవాళ్ళనీ వరసపెట్టి తిట్టి, చివరికి టీ తాగి మళ్ళీ మొదలుపెట్టేవారు.

మా దగ్గరికి వచ్చే బండ్లు రెండు రకాలు. సిమెంటు ఫ్యాక్టరీల వైపు తిరిగేవి, మిర్చి మోసేవి. సిమెంటు దుమ్ముతో పేచీ లేదు, వేలితో రాస్తే తెలిసిపోతుంది. మిర్చి ఘాటు అలా కాదు. కంటికి కనపడదు, చేతికి అంటదు, ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పదు. అందుకని భాయ్ ఒక పరీక్ష కనిపెట్టారు. రబ్బరు వేసిన బండిలో మనిషిని కూర్చోబెట్టి, డోర్లన్నీ మూసి, బయట ఖాళీ మిర్చి గోతాం తీసుకుని బండి చుట్టూ తిరుగుతూ కర్రతో దులపడం. లోపలి మనిషి తుమ్మితే రబ్బరు పీకి మళ్ళీ వెయ్యాలి. తుమ్మకపోతే బండి తాళాలు ఇచ్చెయ్యొచ్చు. నేను మిరపకాయ పేరు చెబితేనే తుమ్మే రకం. ఇంకేముంది, ఆ కుర్చీ నాదైపోయింది.

నిజం చెబుతున్నాను, ఆ పరీక్ష అంటే నాకు ఎంతో ఇష్టంగా ఉండేది. భాయ్ డోరు మూసిన క్షణాన లోకం ఆగిపోయేది. అంతదాకా హైవే మీద లారీల హారన్లూ, డెంటింగు సుత్తి మోతా చెవులు హోరెత్తించేవి. తలుపు పడగానే అన్నీ ఎటో వెళ్ళిపోయేవి. అద్దంలోంచి చూస్తే భాయ్ నోరు కదులుతుండేది, మాట వినపడేది కాదు. గోతాంలోంచి ఎర్రటి పొగ లేచి ఎండలో మెల్లగా తేలుతూ, దిగుతూ, మళ్ళీ లేస్తూ ఉండేది. ఎవరిదో తెలియని బండిలో, ఎవరో ఎక్కడికో వెళ్ళాల్సిన సీటులో కూర్చుని, నేను మాత్రం ఎక్కడికీ వెళ్ళకుండా అలా చూస్తుండేదాన్ని. చాలాసార్లు కునుకు పట్టేసేది. భాయ్ అద్దం మీద కొట్టి లేపేవారు.

"తుమ్మమంటే నిద్రపోతావేంటమ్మా చెల్లెమ్మా! ఇదేమన్నా మీ పుట్టిల్లా?"

"తుమ్ము రాలేదు భాయ్, నిద్రొచ్చింది. మీ పని అంత బాగుంది మరి."

ఆ మాటకి పొంగిపోయేవారు పాపం.

అలాంటి రోజుల్లోనే పెనుగంచిప్రోలు వైపు నుంచి ఒకతను పాత వ్యాను వేసుకుని వచ్చాడు. కల్లాల్లో మిర్చి ఎండుతున్న కాలం. అతని పని కూడా మిర్చి మొయ్యడమే. బండి గడప దగ్గరికి వెళ్ళగానే నాకు తుమ్ములు మొదలయ్యాయి. మా షెడ్డు ఓనరు పక్కనే ఉండి, "ఇదిగో, మా మిషను పని చేస్తుందండీ" అని పరాచికమాడాడు. వచ్చినతను నవ్వలేదు.

"నేను ఈ బండిలో మా ఆవిడ్ని తీసుకురావాలండి. ఆవిడ తుమ్మకూడదు" అన్నాడు.

మాకు అర్థం కాలేదు. కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చాక చెప్పాడు. భార్యకి చిన్నప్పుడే ఒక కన్ను పోయింది. ఉన్న రెండో కంటికి తెల్లపొర కమ్మి, ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియడం లేదు. విజయవాడ ఆసుపత్రిలో ఎవరో పుణ్యాత్ముల కన్ను దొరికింది, పైపొర మార్చి కుడతామన్నారు. ఆపరేషన్ తర్వాత కన్నుకి మూత పెట్టి పంపుతారట, దుమ్ము పడుతుందన్న భయం లేదు. కానీ కొన్నాళ్ళపాటు గట్టిగా తుమ్మకూడదు, దగ్గకూడదు. ఒక్కసారి అదిరితే కుట్లు విడిపోవచ్చని డాక్టరుగారు మరీ మరీ చెప్పారట.

"మా ఊరికి ఎటునుంచి వచ్చినా రెండువైపులా మిరప కల్లాలేనండి. అద్దెకారు పెడదామంటే దారిలో ఆ డ్రైవరు అద్దం దించితే నేనేం చెయ్యను? నా బండయితే నా చేతిలో ఉంటుంది. ఉన్నది ఆ ఒక్క కన్నే అక్కా" అన్నాడు నా వైపు తిరిగి.

ఆ మాటతో నా ముక్కు సంగతి నేనే మరిచిపోయాను. భాయ్ అయితే అప్పటికే లేచి వ్యాను చుట్టూ తిరుగుతున్నారు.

బండిని కడిగాం. మామూలు కడుగుడు కాదు, సీట్లు ఊడదీసి, కింద పరిచిన మ్యాట్లు పారేసి, సందుల్లో ఇరుక్కున్న మిరప గింజల్ని పుల్లతో గోకి మరీ కడిగాం. పాత రబ్బరంతా పీకేసి కొత్త బీడింగు వేశారు భాయ్. డోరుకీ చట్రానికీ మధ్య కాగితం ముక్క పెట్టి మూసి లాగి చూశాం. ఎక్కడ లాగినా చిరిగింది గానీ రాలేదు. గోతాం పరీక్షలో నేను హాయిగా కునుకు తీశాను. బండి గెలిచిందనుకున్నాం.

అయినా ఆ అబ్బాయికి ధైర్యం చాలలేదు. "నిలబెట్టిన బండి కదండీ. కదిలితే ఎలాగుంటుందో" అన్నాడు. సరేనని నన్ను ఎక్కించుకుని కల్లాల మధ్య రోడ్డు మీదికి తీసుకెళ్ళాడు. రోడ్డుకి అటూ ఇటూ ఎరుపే. ఆ ఎరుపు మీద తలకి గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు వంగి కాయలు తిరగేస్తున్నారు. వాళ్ళ మాటలేవీ లోపలికి రావడం లేదు. కలలో నడుస్తున్నట్టే ఉందనుకుంటూ ఉండగా, హాచ్చి! ఒకటి కాదు, ఆగకుండా వరసపెట్టి. వెనక్కి వచ్చేసరికి నా ముక్కు పండిన మిరపకాయలా ఉంది.

భాయ్‌కి కోపం వచ్చింది. రబ్బరు మీద ఇంకో రబ్బరు వేశారు. అప్పుడు డోరు పడలేదు. మామూలుగా మూస్తే వెనక్కి వచ్చేస్తోంది, భుజం పెట్టి ధడేలుమని కొడితే గానీ లాకు పడటం లేదు. "తుమ్మకూడని మనిషిని పక్కన పెట్టుకుని ఇలా ధడేల్ ధడేల్ కొడతారా?" అని నేను అరిచాను. పైగా మళ్ళీ రోడ్డెక్కితే మళ్ళీ తుమ్ములే. రెండో వరస పీకేశారు. ఎప్పుడూ తిట్టే మనిషి ఆ రోజు ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. నాకు భయం వేసింది. రబ్బరు మేస్త్రీ నోరు మూసుకున్నాడంటే ఆశ వదులుకున్నట్టే.

ఆపరేషన్‌కి వెళ్ళేముందు భార్యని ఒకసారి షెడ్డుకి తీసుకొచ్చాడు అతను. సన్నగా, చలాకీగా ఉంది. భర్త మోచెయ్యి పట్టుకుని దిగి, గాలిని వాసన చూసి, "ఇక్కడ టీ మరిగి మాడింది, ఎవరండీ చూసుకోనిది?" అంది. ఓనరు పరిగెత్తాడు. ఆ ఒక్క మాటకే నాకు ఆ అమ్మాయి నచ్చేసింది.

"నువ్వేనా అక్కా తుమ్మే ఆవిడవి? మా ఆయన రోజూ నీ తుమ్ముల సంగతే చెప్తున్నాడు."

"నేనేలే తల్లీ. ఇంత పేరు నాకు ఇంకెందులో వస్తుంది?"

తనూ కూర్చుంటానంది. ఇంకా ఆపరేషన్ కాలేదు కాబట్టి తుమ్మినా ఏం కాదంది. ముగ్గురం మళ్ళీ అదే రోడ్డు మీదికి వెళ్ళాం. వెనక సీటులో తను నా పక్కన కళ్ళు మూసుకుని, తల కొంచెం వంచి కూర్చుంది. నేను ఎర్రటి పొలాలు చూస్తున్నాను, తను ఏం వింటోందో నాకు తెలియదు. కాసేపటికి నా చెయ్యి తట్టింది.

"అక్కా, మన వెనకాల ఎవరో ఊపిరి పీలుస్తున్నారు."

నేను తల తిప్పి చూశాను. వెనక ఎవరూ లేరు, ఖాళీ. ఆగి వింటే నాకూ వినపడింది. వెనక డోరు కింది మూల నుంచి సన్నగా, చాలా సన్నగా, స్స్‌మంటూ. బండి ఆగితే అదీ ఆగిపోతోంది. వేగం పెరిగితే పెరుగుతోంది.

"ఇది బండి పీలుస్తున్న గాలి. ముందు నుంచి పీల్చుకోడానికి దారి లేదు కదా, అన్నీ మూసేశారు. అందుకే వెనకనుంచి పీలుస్తోంది" అంది ఆ అమ్మాయి. "నేను పోపు వేసేటప్పుడు చూపు ఆనదని అన్నీ చెవితోటీ ముక్కుతోటీ చేసుకుంటా అక్కా. వంటింటి కిటికీ మూస్తే ఘాటంతా నా మీదికే వస్తది. కిటికీ తెరిస్తే పెరటి తలుపులోంచి వెళ్ళిపోద్ది. మీరు కిటికీ మూసేసి తలుపు సందుల్లో గుడ్డలు కుక్కుతున్నారు."

నేను నోరెళ్ళబెట్టాను. జీవితమంతా ఎండుమిరపకాయలు వేయించినదాన్నే, నాకు తట్టలేదు చూడండి. షెడ్డులో అడుగుపెడితే వంటిల్లు గుర్తు రాదు మనకి.

షెడ్డుకి వచ్చి చెబితే భాయ్ ససేమిరా అన్నారు. "గాలి రాకుండా చెయ్యడం మన పని! నన్ను చిల్లు పెట్టమంటావా? నా చేత్తో నేనా?" చాలా బాధగా అన్నారు. కోపం కాదది. ఆయన ఆ పనిలో తల నెరిసిన మనిషి. మూసింది తెరవమంటే ప్రాణం ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి ఆయన గొంతు వచ్చిన వైపు తిరిగి, "భాయ్, మీ రబ్బరు ఎక్కడా వదల్లేదు. అది అంత గట్టిగా ఉండబట్టే కదా ఆ చిన్న చప్పుడు నాకు వినపడింది" అంది. ఆయన చేతిలోని రబ్బరు సుత్తి పక్కన పెట్టి, "ముందు అద్దం కింద మనం మూసేసిన గాలి జాలీ ఉంటది. ఆడనుంచి గాలి తీసుకుందాం" అన్నారు.

ఆ పని నా చేతికి వచ్చింది. నా పాత నేతచీర ఒకటి తెచ్చి, మడతలు పెట్టి, జాలీకి సరిపడేలా దిండులాగా కుట్టాను. దాన్ని తడిపి జాలీ మీద బిగించి, లోపల బ్లోయరు పూర్తిగా తిప్పితే ముందునుంచి చల్లటి తడి వాసన గాలి వచ్చింది. వెనక మూల దగ్గర వేలు పెట్టి చూశారు భాయ్. ఇప్పుడు గాలి లోపలినుంచి బయటికి పోతోంది. కల్లాల రోడ్డు మీద నేను వెళ్ళాను, వచ్చాను. తుమ్మలేదు. నిద్ర కూడా పోలేదు, ఆనందంతో.

ఆపరేషన్ అయ్యింది. ఇంటికి తీసుకొచ్చే రోజున నన్నూ రమ్మన్నాడు ఆ అబ్బాయి. "నువ్వు పక్కనుంటే తెలిసిపోద్దక్కా. నీకు ముక్కు అదిరితే బండి వెనక్కి తిప్పేస్తా." వెళ్ళాను. ఆసుపత్రి మెట్లు దిగి వచ్చింది, ఒక కంటికి పోయిన చూపు, ఇంకో కంటికి మూత. నా వేళ్ళు పట్టుకుంది. అరచెయ్యి చల్లగా ఉంది.

హైవే మీద బండి మెత్తగా వెళ్ళింది. దారి అతను చెబుతున్నాడు, తను వింటోంది. పరిటాల ఆంజనేయస్వామి వచ్చాడంటే కంటి మూత కింది చీకట్లోనే చేతులు జోడించింది. నందిగామలో టీ వాసన వస్తుందేమో అని ఎదురుచూసింది, రాలేదు. "అయితే బాగా మూశారు" అని మెల్లగా నవ్వింది. గట్టిగా నవ్వడానికి కూడా భయమే. నాకు ఆ ప్రయాణం ఇప్పటికీ నీళ్ళ అడుగున వెళ్ళినట్టు గుర్తుంది. బయట అన్నీ కదిలాయి. బస్సులు, పత్తి బోరాల లారీలు, ఎదురుగాలికి కొంగు పట్టుకున్న ఆడవాళ్ళు. లోపల మా ముగ్గురి ఊపిరీ, బ్లోయరు చప్పుడూ తప్ప ఏమీ లేదు.

హైవే దిగి కల్లాల మధ్యకి వచ్చాక మా ముందు ఒక ట్రాక్టరు అడ్డం పడింది. మిర్చి బోరాలు ఎత్తుతున్నారు. ఒకటి జారి పిగిలింది. ఎర్రటి పొగ రోడ్డంతా కమ్మేసింది. దాటి వెళ్ళడానికి చోటు లేదు, వెనక ఆటోలు వచ్చి నిలబడ్డాయి. సరిగ్గా అప్పుడే నా ముక్కులో మొదటి చురుకు తగిలింది.

గుడ్డ ఆరిపోయింది. విజయవాడలో తడిపిందే, ఆ ఎండకి ఎంతసేపు ఉంటుంది! ఆరిన గుడ్డలోంచి బ్లోయరు ఆ ఘాటునంతా మా మీదికే తోస్తోంది. దిగి తడపాలంటే డోరు తెరవాలి. తెరిస్తే అంతే.

"అక్కా..." అంది ఆ అమ్మాయి. గొంతు మారిపోయింది. పై పెదవి వణుకుతోంది.

"ముక్కు కింద వేలు పెట్టి గట్టిగా నొక్కు. నోటితో ఊపిరి తియ్యి. నా మాటే విను, ఇంకేం అనుకోకు" అంటూ ఆ వేలి మీద నా వేలు కూడా పెట్టి నొక్కాను. నా కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. అతను బ్లోయరు ఆపబోయాడు. ఆపితే వెనకనుంచి పీలుస్తుందేమోనని అతని చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ తిప్పబోయాడు. ఏం చెయ్యాలో తెలియక స్టీరింగు పట్టుకుని "అమ్మా, అమ్మా" అంటున్నాడు. నేను ముందు అద్దం వంక చూశాను. అద్దం కిందే జాలీ. జాలీ మీదే గుడ్డ.

"వైపరు నీళ్ళు! అద్దం మీద నీళ్ళు కొట్టు బాబూ, కొడుతూనే ఉండు!"

కొట్టాడు. సన్నటి ధార లేచి అద్దం మీద పడి, జారి, గుడ్డ మీదికి పారింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ. ట్యాంకులో ఉన్నదంతా ఖాళీ అయ్యేదాకా కొట్టాడు. గాలిలో తడి వాసన తిరిగి వచ్చింది. చురుకు కొంచెం కొంచెంగా తగ్గింది. ఆ పిల్ల పెదవి వణుకు ఆగింది. ట్రాక్టరు పక్కకి తప్పుకుంది. ఎర్రటి పొగలోంచి మా బండి బయటికి వచ్చేసరికి మేం ముగ్గురం చెమటలో తడిసిపోయి ఉన్నాం. వాళ్ళ ఇంటి ముందు బండి ఆగాక నేను దిగి, దూరంగా గడ్డివాము చాటుకి పరిగెత్తి, మనసారా తుమ్మాను.

తర్వాత చాలా రోజులు కబురు లేదు. ఫోను చేద్దామంటే భయం. ఏ మాట వినాల్సి వస్తుందోనని భాయ్ కూడా చెయ్యనివ్వలేదు. "మంచయితే వాళ్ళే వస్తారు" అనేవారు, అని రోడ్డు వంక చూసేవారు.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం, నేను ఒక మిర్చి బండి పాత బీడింగు పీకుతూ ఉంటే, ఆ వ్యాను వచ్చి ఆగింది. డోరు తెరుచుకుంది. ఆ అమ్మాయి దిగింది. భర్త చెయ్యి అందించబోతే పట్టుకోలేదు. తడి నేల మీద గుంటలు చూసుకుంటూ, తప్పుకుంటూ, నెమ్మదిగా నా వైపే నడిచి వచ్చింది. కంటికి మూత లేదు. ఎదురుగా నిలబడి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"గొంతు విని లావుగా ఉంటావనుకున్నా అక్కా."

నేను ఏదో అనబోయాను. అప్పుడే నా చేతిలో ఉన్న పాత రబ్బరులోంచి ఇంత మిర్చి దుమ్ము లేచింది. ఆ అమ్మాయి ముఖం ఒక్కసారి మారింది. ముక్కుపుటాలు అదిరాయి. భాయ్ చేతిలోని సుత్తి జారిపోయింది. భర్త పరిగెత్తుకొచ్చాడు, నేను వేలు పెట్టి నొక్కబోయాను, ఏదీ అందలేదు. షెడ్డంతా అదిరేలా తుమ్మింది. ముందుకి వంగిపోయి, రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఎవరం కదల్లేదు. రోడ్డు మీద లారీలు వెళుతున్నాయో లేదో కూడా నాకు తెలియదు.

తను మెల్లగా లేచింది. చేతులు తీసింది. కన్ను తెరిచి, రెప్పలాడించి, నా ముఖంలోకి చూసింది.

"డాక్టరుగారు ఇంక తుమ్మొచ్చన్నారు" అంది. మళ్ళీ కొంచెం దగ్గరికి వచ్చి చూసి, "అదేంటక్కా, ఎందుకు ఏడుస్తున్నావు?" అంది.